రెండు ఈలలు

తాగి మేళా రైలు నడిపాడని పేపర్లో వేశారట. చదివి చెప్పినవాడి ముఖం మీదే అనేశాను, ‘రాసినవాడి నోట్లో మన్ను పడ’ అని. మా ఆయన ఉప్పలయ్య కల్లు ముట్టిన రోజులు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. రైలు దగ్గర కూర్చునే రోజున అదీ లేదు. తాగితే చెవి మొద్దుబారుతుందనేవాడు. ఆయన పని మొత్తం చెవి మీదే నడిచేది. అయినా తాగాడని అనేస్తే అందరికీ సులువు. మేనేజరుకు సులువు, పోలీసులకు సులువు. నిజం చెప్పాలంటే నాకూ సులువే.

నా పేరు దుర్గమ్మ. మాది కోంటా దాటాక శబరి ఒడ్డున ఒక తెలుగు ఊరు. ఇంట్లో తెలుగు, పొలంలో దోర్లీ, సంతలో హల్బీ, పోలీసు కనబడితే హిందీ. అలా నాలుగు నాలుకలతో బతికేవాళ్లం. ఇద్దరం మిరప తోటల్లో కూలికి పోయేవాళ్లం. తోటలో మోటారు మొరాయిస్తే మేస్త్రీ కోసం కబురు పెట్టేవాళ్లు కాదు, ఉప్పలయ్యను పిలిచేవాళ్లు. దాని మీద చెవి పెట్టి వినేవాడు. ఎక్కడ ఎండిందో, ఎక్కడ అరిగిందో చెప్పేవాడు. ఒక్కరోజు బడికి పోలేదు, ఆ చెవి ఎవరిచ్చారో ఆ దేవుడికే తెలియాలి.

ఆయన పుట్టిన ఆరో నెలలో తండ్రి పోయాడు. ఒక్కగానొక్క కొడుకు. మా అత్త ఆయన్ను చంకన కట్టుకుని తోటల్లో కాయ ఏరింది. మిరప ఘాటుకు పిల్లవాడు ఏడుస్తుంటే తన కొంగు తడిపి ముఖం మీద కప్పేదట. ఆ కథ నాకు వెయ్యిసార్లు చెప్పింది. నాకూ ఆమెకూ ఉప్పూ నిప్పూ. నేను వండితే కారం ఎక్కువ, ఊడ్చితే దుమ్ము ఎక్కువ, మాట్లాడితే నోరు ఎక్కువ. ఆఖరిది నిజమే అనుకోండి.

పన్నెండేళ్ల కింద దోర్నపాల్‌కు మేళా వచ్చింది. చూడటానికి వెళ్లాం. అందులో డ్రాగన్ రైలు ఆగిపోయి ఉంది. పట్నం వాళ్లు రోలర్ కోస్టర్ అంటారు గాని అంత పెద్దదేం కాదు. ముందు నోరు తెరిచిన రాక్షసి పాము తల, వెనక ఆరు డబ్బాలు. ఇనుప పట్టాలు మూడు చోట్ల గుట్టల్లా లేచి, మలుపుల దగ్గర ఒక పక్కకు ఒరిగి ఉంటాయి. పెద్ద గుట్ట మూడు నిలువుల ఎత్తు. ఈయన ఊరుకోక వెళ్లి పట్టా మీద చెవి పెట్టి, ఫలానా చక్రం ఎండిపోయిందని చెప్పాడు. నిజమే అయింది. మేళా మేనేజరు రాంచందర్ అప్పటికప్పుడే చేయి పట్టుకున్నాడు, ‘మాతో వచ్చెయ్’ అని.

మేం బయల్దేరిన రోజు మా అత్త వాకిట్లో నిలబడి ఒక్క మాటే అడిగింది.

“నేను పోయిన్నాడు యాడున్నా రావాలెరా. నీ చేతి నిప్పు లేకపోతే నేను లెవ్వ.”

“ఊకో అవ్వా, నువ్వు నూరేండ్లుంటవ్” అని నవ్వాడు ఈయన. ప్రతి ఏడూ ఇంటికి వెళ్లి తిరిగి వచ్చేటప్పుడు ఆమె అదే మాట, ఈయన అదే నవ్వు.

రైలు నడపడం ఎలాగో చెప్పాలి, లేకపోతే మీకు తర్వాతది అర్థం కాదు. కరెంటు తీసేసే స్విచ్చు ఒక్కటి తప్ప బటన్లూ మీటర్లూ ఏమీ లేవు. ఒక పెద్ద డ్రమ్ము నిండా ఉప్పునీళ్లు. పైన తాడుకు వేలాడే ఇనుప రేకులు. తాడు వదిలితే రేకులు నీళ్లలోకి దిగుతాయి, కరెంటు ఎక్కువ పారుతుంది, రైలు ఉరుకుతుంది. తాడు లాగితే రేకులు పైకి వస్తాయి, రైలు నెమ్మదిస్తుంది. ఉప్పు ఎక్కువ వేస్తే వేగం ఇంకా ఎక్కువ. ఆ తాడు పట్టుకుని ఆయన రైలుకు వీపు పెట్టి కూర్చునేవాడు. చూస్తే చేయి వణుకుతుంది, వింటే వణకదు అనేవాడు.

జనాన్ని ఎక్కించడం, పడిపోకుండా ఒడికి అడ్డంగా కమ్మీలు బిగించడం నా పని. మెడలో ఈల. ఒక ఈల వేస్తే బయల్దేరు, రెండు వేస్తే ఆపు. పన్నెండేళ్లలో నా రెండో ఈల పూర్తికాకముందే ఆయన తాడు లాగేవాడు. ఇంట్లో నా మాట ఎప్పుడైనా కాదన్నాడేమో గాని నా ఈలను ఒక్కసారి కాదనలేదు. నాలుగో డబ్బా కమ్మీ కొంచెం వదులు. మేనేజరుకు చెప్పీ చెప్పీ నా నోరు నొప్పి పుట్టింది, ఆఖరికి తీగ చుట్టి సరిపెట్టాం. ఆ డబ్బాలో పిల్లల్ని ఒంటరిగా కూర్చోబెట్టేదాన్ని కాదు. భయపడే పిల్లలెవరైనా ఉంటే పక్కన నేనే కూర్చునేదాన్ని.

ఈ ఏడు గీదం దగ్గర ఒక మడైలో దిగాం. మడై అంటే దేవుళ్ల జాతర. చుట్టుపక్కల ఊళ్ల దేవుళ్లు డోలీల్లో, భుజాల మీద మోసే కర్రల రూపంలో వస్తారు. ఆఖరి రోజు వరుసగా మడై చుట్టూ తిరుగుతారు. అప్పుడు ఝూలాలన్నీ, అంటే ఊగేవీ తిరిగేవీ అన్నీ ఆపేయాలి. దేవుడి కంటే ఎత్తున మనిషి కూర్చోకూడదు. ఆ వరుసను అడ్డంగా దాటకూడదు, ఎవరైనా సరే. డప్పు దూరంగా వినబడగానే అందరికంటే ముందు ఆపేది మా ఆయనే.

ఆదివారం పొద్దున రాంచందర్ నన్ను తన డేరాలోకి పిలిచాడు. మా ఫోను అక్కడే చార్జింగులో ఉండేది.

“దుర్గమ్మా, మీ అత్త పోయింది. తెల్లారంగ ఫోనొచ్చింది.”

నేను ఊరి దిక్కుకు తిరిగి చేతులు జోడించాను. ఎంత పోట్లాడుకున్నా ఇంటి పెద్ద.

“ఇప్పుడు జెప్తే ఉప్పలయ్య ఆగడు” అన్నాడు. “బుధవారం దాక మడై. కిందటేడు ఆయన ఊరికి పోయినప్పుడు ఇంకోణ్ని కూసోబెడితే ఏమైంది, యాదున్నదా? పిలగాని పండ్లు రాలినయ్. ఈసారి గిట్ల పోతే మేళా నడిపే సేట్ ఊకోడు, రాయ్‌పూర్ నుంచి బటన్ల మిషిన్ తెస్తడు. గప్పుడు మీరిద్దరు మల్ల మిరపకాయలే ఏరుకోవాలె.”

“మరి ఆడ శవం?”

“నేను మాట్లాడిన తియ్. వాళ్లు కానిస్తరు. బుధవారం సాయంత్రం నేనే జీప్ పెట్టి పంపిస్త. పెద్దకర్మకు ఎట్లయినా అందుతడు.”

నేను లెక్క వేసుకున్నాను. ఇప్పుడు బయల్దేరినా చేరేసరికి పొద్దుగూకుతుంది. అప్పటికి దహనం అయిపోయి ఉంటుంది. చూసేది బూడిదే కదా. పదకొండో రోజుకు వెళ్లి గుండు చేయించుకుంటాడు. ఇదంతా పైకి చెప్పుకున్న లెక్క. లోపల ఇంకోటి ఉంది, అదీ చెప్తాను, దాచి ఏం లాభం. బతికినన్నాళ్లూ కొడుకును కొంగున కట్టుకుంది, పోయాక కూడా పిలవగానే మా బతుకును వదిలేసి ఉరకాలా అని ఒక్క క్షణం అనిపించింది. పాపిష్టిదాన్ని. “సరే తియ్” అని బయటికి వచ్చాను.

ఆదివారం కదా, ఆయన సంతలో నాటుకోడి తెచ్చాడు. వద్దంటే ఎందుకంటాడు. వండాను. రెండోసారి అడిగి వేయించుకున్నాడు. “ఏందే ఇయ్యాల, నోరు లేవలే నీది?” అని ఎగతాళి చేశాడు. తలనొప్పన్నాను.

బుధవారం మధ్యాహ్నం. కిరందుల్ గనుల కాలనీ నుంచి కృష్ణకుమారి అని ఒకావిడ ఏడేళ్ల కూతురితో వచ్చింది. పిల్ల పేరు భానుశ్రీ. రైలెక్కుతానని ఒకటే గోల, తీరా మెట్టు దగ్గరికి వచ్చాక ఏడుపు.

“ఏవండీ, మీరు కాస్త పక్కన కూర్చుంటారా? నాకు కళ్లు తిరుగుతాయండీ” అంది తల్లి.

నాలుగో డబ్బాలోనే ఖాళీ ఉంది. పిల్లను లోపలి పక్కన కూర్చోబెట్టి, కమ్మీ బిగించి, తీగ మెలిపెట్టాను.

“భయపడకు బిడ్డా. అగో, ఆ కూసున్నాయన మా ఆయన. నేను రెండు ఈలలేస్తే ఎంటనే ఆపేస్తడు.”

“నిజంగా ఆపేస్తారా ఆంటీ?”

“నా ఈల ఇంటే గాలి గూడ ఆగుతది.”

పిల్ల నవ్వింది. ఒక ఈల వేశాను. రైలు కదిలింది.

రెండో చుట్టులో డ్రమ్ము దగ్గర ఎవరో ఆడమనిషి నిలబడి కనిపించింది. మూడో చుట్టులో గుర్తుపట్టాను. ఊళ్లో మా పక్కింటి మాసే, దోర్ల పిల్ల. దాని కూతురు గీదం హాస్టల్లో చదువుతుంది, చూడటానికి వచ్చినట్టుంది. అత్త సంగతి చెప్పడానికే నిలబడిందనుకున్నాను. రైలు నన్ను గుట్ట మీదికి ఎత్తుకుపోయింది. కిందికి వచ్చేసరికి మాసే చేతులు తిప్పుతూ ఏదో అంటోంది. ఆయన వీపు మాత్రం నాకు కనబడుతోంది. ఆ వీపు కదలడం లేదు.

అది ఏమన్నదో తర్వాత అదే నాకు చెప్పి ఏడ్చింది.

“ఎట్లొచ్చిందన్నా నీకు మనసు? ఫోన్ల బయల్దేరిండని జెప్పిరి. నీ చేతి నిప్పు కావాలన్నదని ఆదివారమంత అవ్వను లేపలే. రాత్రంత వాకిట్ల దీపం పెట్టుకోని కూసున్నం. ఎవ్వలింట్ల పొయ్యెలగలే. సోమవారం వాసనొస్తుందని పాలోళ్ల పిలగానితోని నిప్పు పెట్టిచ్చిండ్రు. నువ్వీడ రైలు తిప్పుకుంట కూసున్నవా?”

బయల్దేరాడని చెప్పింది రాంచందరే. ఫోను వదిలించుకోవడానికి నోటికి వచ్చిన అబద్ధం. ఆ సంగతి నాకు తెలియదు, ఒట్టు. తెలిసి ఉంటే చెప్పేదాన్నా? ఏమో, నన్ను అడగకండి.

నాలుగో చుట్టులో తాడు ఆయన చేతిలోంచి జారిపోవడం చూశాను. కావాలని వదిలాడని ఇప్పుడందరూ అంటున్నారు. నేను చూశాను, జారిపోయింది. రేకులు బుడుంగుమని నీళ్లలోకి దిగాయి. రైలు విసురుగా లాగింది. జనం హోయ్ హోయ్ అని కేరింతలు కొట్టారు, వాళ్లకేం తెలుసు. నేను రెండు ఈలలు వేశాను.

రైలు ఆగలేదు.

ఇంకో చుట్టు. మళ్లీ రెండు ఈలలు. ఆయన మెడ కూడా తిరగలేదు. అప్పటికి రాంచందర్ పరుగెత్తుకొచ్చాడు. తర్వాతి చుట్టుకు ఆయన చేతిలో రాంచందర్ చొక్కా కాలరుంది. ఆ తర్వాతి చుట్టుకు రాంచందర్ చేయి ఎత్తి చూపిస్తున్నాడు. ఎవరినో అనుకున్నారా? రైలును. నాలుగో డబ్బాను. నన్ను. ‘నన్నొక్కణ్నే అంటవేంది, నీ పెండ్లాన్ని అడుగు, ఆమెకు గూడ ఎరుకే’ అన్నాడట.

ఆయన అప్పుడు వెనక్కి తిరిగాడు. పన్నెండేళ్లలో మొదటిసారి రైలు తిరుగుతుండగా దాన్ని చూశాడు. ఒక్కో డబ్బా చూసుకుంటూ నా దగ్గర ఆగాడు. నేను చేతులు జోడిద్దామంటే ఒక చేయి కమ్మీ మీద, ఒకటి పిల్ల చుట్టూ ఉంది. ఆ చూపులో కోపం ఉన్నా బాగుండేది. ఊరూ పేరూ తెలియని మనిషిని చూసినట్టు చూశాడు. గుట్ట ఎక్కి దిగేసరికి ఆయన మళ్లీ అటు తిరిగి, ఉప్పు సంచి ఎత్తి మొత్తం డ్రమ్ములో గుమ్మరిస్తున్నాడు.

ఇక కేరింతలు లేవు, కేకలే. మలుపు దగ్గర డబ్బా ఒరిగినప్పుడల్లా పట్టా కీచుమని అరిచింది. ఆ అరుపు నాకంటే ఆయనకే బాగా తెలుసు. అది విని కూడా కూర్చున్నాడంటే ఆయన చెవి మూసుకుపోయినట్టే. భానుశ్రీ నా చేతిలో గోళ్లు దించింది.

“ఆంటీ, ఈల వెయ్యి. ఈల వెయ్యి ఆంటీ.”

వేశాను. మళ్లీ వేశాను. ఊపిరి ఉన్నంతసేపూ వేశాను. పిల్ల ప్రతిసారీ ఆయన వైపు చూసేది, ఇప్పుడు ఆపుతాడని. నేను చెప్పాను కదా ఆపుతాడని. కింద కృష్ణకుమారి పట్టా వెంబడి పరుగెత్తుతూ, “మా పాపండీ, మా పాపండీ” అని అరుస్తోంది. ఆమె ముఖం ఒక్కో చుట్టులో ఒక్కోచోట కనబడి పోయేది.

ఆపే స్విచ్చు ఆయన వెనకాల పలకకు ఉంది. దానికి వీపు ఆనించి నిలబడ్డాడు. డ్రమ్ము పొంగుతుంటే కరెంటు నీళ్లని భయపడి ఎవరూ దగ్గరికి పోలేదు. రాంచందర్ జనరేటర్ ఆపించడానికి ఉరికాడు. అది మడైకి అవతలి కొసన ఉంది. అప్పుడే డప్పులు మోగాయి. దేవుళ్లు బయల్దేరారు.

మిగతా ఝూలాలన్నీ ఆగిపోయాయి, మైకులు ఆగిపోయాయి. మడై మొత్తంలో మా రైలొక్కటే తిరుగుతోంది. పైనుంచి అంతా కనబడింది నాకు. దేవుళ్ల వరుస రాంచందర్‌కూ జనరేటర్‌కూ మధ్యలో నడుస్తోంది, కొస కనబడనంత పొడుగు. వాడు చేతులు ఊపి గొంతు చించుకుంటున్నాడు. డప్పుల్లో వాడి మాట ఎవరికి వినబడుతుంది? దాటబోతే కర్రలు పట్టుకున్న పెద్దలు వెనక్కి నెట్టారు. వాళ్ల తప్పేమీ లేదు. మేం దేవుళ్ల నెత్తి మీద తిరుగుతున్నామని వాళ్లు మా వైపు వేలు చూపించి కోప్పడుతున్నారు. దిగడం మా చేతిలో ఉంటే కదా తండ్రీ!

అప్పుడే తీగ తెగింది. కమ్మీ పైకి లేచిపోయింది. పెద్ద గుట్ట ముందే ఉంది. పిల్ల నడుము చుట్టూ కాళ్లు మెలేసి, ఎడమ చేయి సీటు వెనక ఇనుములో ఇరికించి, కుడిచేత్తో దాన్ని నా రొమ్ముకు అదుముకున్నాను. దిగేటప్పుడు ఇద్దరం సీటు నుంచి లేచాం. భుజంలో ఏదో టక్కుమంది. ఎన్ని చుట్లు అలా తిరిగామో తెలియదు. ‘అత్తా, నీ కాళ్లు మొక్కుత, నీ కొడుకుతోని ఆపించు’ అని అడిగాను. ఎవరిని అడుగుతున్నానో చూడండి! ఏ ముఖం పెట్టుకుని అడిగానో!

ఎవరూ ఆపలేదు. నీళ్లే అయిపోయాయి. డ్రమ్ము కుతకుతలాడి, పొగలు కక్కి, నీళ్లు పొంగి నేలపాలయ్యాయి. రేకుల కింద అడుగున బురద మిగిలింది. రైలు నీరసించి, చిన్న గుట్ట కూడా ఎక్కలేక వెనక్కి జారి, మెట్ల దగ్గర తనంతట తానే ఆగింది.

జనం ఆయన మీద పడ్డారు. ముక్కు వెంట నెత్తురు. చేయి అడ్డం పెట్టుకోలేదు. ఆ దెబ్బలు తింటూనే వచ్చి ఒక్కో డబ్బా కమ్మీ తీసి, ఒక్కొక్కరినీ చేయి పట్టి దించాడు. ఒకడి నుదురు పగిలింది, ఇద్దరు ముసలివాళ్లు వాంతులు చేసుకున్నారు. ప్రాణాలైతే దక్కాయి. ఆఖరికి నాలుగో డబ్బా. కృష్ణకుమారి కూతుర్ని నా ఒళ్లోంచి లాక్కుంది. పిల్ల తల్లి భుజం మీద నుంచి నన్నే చూసింది. ఏడవలేదు.

“ఆయన ఆపలేదు” అంది.

ఆయన నన్ను దించి మెట్ల మీద కూర్చోబెట్టి, నా ముందు గొంతుక్కూర్చున్నాడు. నా ఎడమ చేయి చచ్చుబడి వేలాడుతుంటే తీసి నా ఒళ్లో పెట్టాడు, జాగ్రత్తగా.

“నీకెప్పుడెరుక?”

“ఆదివారం పొద్దుగాల.”

అబద్ధం చెప్పొచ్చు. సోమవారమనో, నిన్ననో. నోరు రాలేదు.

 ముక్కు నెత్తురు పెదవి మీదికి కారుతున్నా తుడుచుకోలేదు.

“అవ్వ వాకిట్ల నా కోసం చూసుకుంట పండి ఉన్నది” అన్నాడు. “ఊర్ల ఎవ్వలింట్ల పొయ్యెలగలేదట. నువ్వు నాకు కోడికూర పెట్టినవ్.”

“అయ్యా...”

“రెండుసార్లు ఏయించుకున్న గదనే.”

 తిట్టలేదు, కొట్టలేదు. తిట్టినా బాగుండేది, ఈ నోటికి సమాధానం చెప్పడం అలవాటు.  పోలీసులు వచ్చి రెక్క పట్టుకుంటే లేచి వాళ్లతో నడిచాడు. తాగాడా అని అడిగితే తల ఊపాడు, అవునని. నేను మెట్ల మీదే ఉన్నాను.

జీపు కదిలింది. ఈల ఇంకా నా మెడలోనే ఉంది. ఎందుకో తెలియదు, నోట్లో పెట్టుకుని రెండు ఈలలు వేశాను. జీపు ఆగలేదు, వెనక కూర్చున్న ఆయన తల తిప్పలేదు. కొంచెం ముందుకు పోయాక దేవుళ్ల వరుస అడ్డం వస్తే, అది అయిపోయేదాకా రోడ్డు పక్కన నిలిపి, తర్వాత గీదం వైపు తీసుకుపోయారు.